వత్తుల కేసు

కాచిగూడ స్టేషన్ వెనక గల్లీల
విఠల్ ప్రెస్ మళ్ల తెరిచిన్రంటె
చూసొద్దామని పోయిన.
తాళం నేనెరిగిందే.
తలుపుకే పసుపురంగు కొత్తది.

లోపల పదిమంది పిల్లలు.
గ్యాలీలు పెట్టే ర్యాకుల మీద బొమ్మలు ఆరేసి ఉన్నయి.
కాగితాల గోదాముల ఎవరో తబలా నేర్చుకుంటున్నరు.
పంతులు కూసునే కుర్చీల
ఒక పిల్లగాడు నోరు తెరిచి నిద్రపోతున్నడు.
ట్రెడిల్ మిషను మాత్రం అక్కడనే, కిటికి పక్కన.
దాన్ని చూడంగనే నా కుడికాలు
నన్నడగకుంటనే లేచింది.

గోడకు వాళ్లు కొట్టిన మొదటి పోస్టరు:

రండి. ఇది మీ గది.
పాట పాడండి. ఆట ఆడండి.
బొమ గీయండి.

బొమ.
చూసినోళ్లంత నవ్విన్రంట, అచ్చుతప్పని.
ముప్పై ఏండ్లు అచ్చుతప్పులు ఏరినోన్ని,
నాకు తెల్వదా
ఏది తప్పో, ఏది లేమో.

నౌషీన్ అనే పిల్ల చెప్పింది:
"అక్షరాలున్నయి తాతా, గుణింతాలున్నయి,
కింద పెట్టేటివే లేవు. ఒక్కటంటె ఒక్కటి లేదు.
అందుకే వత్తు లేని మాటలు ఏరుకుంటున్నం.
అమ్మను కొడితె అమ అయితది,
అన్నం కొడితె అనం.
హైదరాబాదుకు ఢోకా లేదు,
కాచిగూడకు లేదు.
నాంపల్లికే పోలేకపోతున్నం."

ఆ పిల్ల సీసం అక్షరాలను
కుడినుంచి ఎడమకు గలగల చదువుతది.
ఉర్దూ బడిల చదివిన కండ్లు.
నాకు ఆ అద్దం చదువు పట్టువడెటందుకు
రెండేండ్లు పట్టింది,
పంతులు స్కేలు దెబ్బలు లెక్కవెట్టకుంట.

చెప్దామనుకున్న. చెప్పలే.
వాళ్లిచ్చిన ఛాయ్ సగం తాగి
ఇంటికొచ్చిన.

కంప్యూటర్లు వచ్చిన యేడు
పంతులు షట్టర్ దించిండు.
నాకు మూడు నెల్ల జీతం బాకి.
ఆ రాత్రి వత్తుల కేసు నెత్తిన పెట్టుకొని
నింబోలిఅడ్డ దాక నడిచిన.
పదకొండు కిలోలు.
"ఏందది?" అన్నది మా నర్సుబాయి.
"వత్తులు" అన్న.
దీపానికనుకొని
దేవుని గూటి కింద జాగ చేసింది పిచ్చిది.

తెల్లారి జుమ్మెరాత్ బజార్ల తూకం అడిగిన.
కిలకు ఇరవై రెండన్నడు.
కరిగిచ్చి, చేపల వలలకు గుండ్లు పోస్తడంట.
మళ్ల నెత్తికెత్తుకొని ఇంటికే తెచ్చిన.
బుద్ధి వచ్చి కాదు.
ఇరవై అయిదిస్తె అమ్మెటోన్నే.

ఇయ్యాల పొద్దుగాల ఆటోల ఏసుకొచ్చిన.
పిల్లలు ఒక్క మాట అడగలే.
పంతులైతె అడిగెటోడు.
ఆయన ఫోటో ఇక్కడ ఏ గోడకూ లేదు,
మంచిదే అయింది.

కిరోసిన్ల నానవెట్టి
పాత పండ్లబ్రష్షులతోని కడిగిన్రు.
నల్లనీళ్లు మోరీల కలిసినయి.
అన్నిట్ల ఎక్కువ అరిగింది ల వత్తు.
ఎన్ని పెండ్లికార్డులు, ఎన్ని ఇల్లు ఖాళీ బోర్డులు.
నా పెండ్లికార్డు కూడ దానితోనే కట్టిన,
ఒక ఆదివారం, పంతులుకు తెల్వకుంట.

నౌషీన్ స్టిక్కు చేతిల వట్టుకొని
"మొదటి మాట నువ్వు చెప్పు తాతా" అన్నది.
అందరు నా నోటి దిక్కే చూస్తున్నరు,
అమ్మ అంటడని.

"అప్పు" అన్న.

ఎవరూ నవ్వలే.
ప కింద ప వత్తు
ముప్పై ఏండ్ల తర్వాత వచ్చి
ఏం జరగనట్టు కూసున్నది.
ఎవరికి ఎవరు బాకీనో
కాగితం మీద లేదు.

ప్రూఫు తీసి తాడుకు తలిగేసిన్రు.
సిరా ఆరకముందే ఆ పిల్ల
నాంపల్లి కట్టవట్టింది,
ల వత్తును తలకిందులు పెట్టి.

నా చెయ్యి స్కేలు కోసం
బల్ల మీద తడిమింది.
ఛాయ్ గ్లాసు దొరికింది.